క్రొత్త గళము, పాత చెవి

ఇరువది యేండ్లుగా తాను ప్రాణప్రదముగా ప్రేమించిన ఒక గానబృందము, తన ప్రధానగాయకుని మృత్యువువలన కోల్పోయి, ఏడు సంవత్సరములపాటు క్రొత్త ఆల్బము ఏదియు వెలువరింపక యుండి, తుదకొకనాడు ఆ గాయకుడు నిలిచిన చోటనే వేరొక గాయనిని నిలిపి మరల పాడనారంభించినప్పుడు, శ్రోతయైనవాడు ఏమి చేయవలెను? సంతోషింపవలెనా, దుఃఖింపవలెనా, ద్రోహమని కోపింపవలెనా? అమెరికాదేశపు రాక్ సంగీతబృందమైన లింకిన్ పార్క్ 2024 సెప్టెంబరు 5వ తేదీన ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ అను గాయనిని లోకమునకు పరిచయము చేసి, నవంబరు 15వ తేదీన ‘ఫ్రమ్ జీరో’ అను ఆల్బమును విడుదల చేసిననాటినుండి ఈ ప్రశ్న ఆ బృందాభిమానులను రెండుగా చీల్చినది. మెచ్చినవారు పునర్జన్మ మనిరి. మెచ్చనివారు పేరు మాత్రమే మిగిలిన శూన్యశరీర మనిరి. ఈ రెండు మాటలను నేను నా మిత్రుల నోటనే వింటిని. కొంతకాలము రెండవ మాటను నేనును పలికితిని. అట్లు పలుకుట ఎందులకు తొందరపాటో, ఆ తొందరపాటు వెనుక నున్న నొప్పి ఎట్టిదో విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ బృందము 1996లో కాలిఫోర్నియాయందలి అగౌరా హిల్స్ అను పట్టణమున, సున్న అను అర్థము స్ఫురించు ‘జీరో’ అను పేరుతో పుట్టినది. 1999లో అరిజోనా రాష్ట్రమునుండి చెస్టర్ బెన్నింగ్టన్ వచ్చి చేరిన పిమ్మట దానికి నిజమైన గళము లభించినది. 2000 అక్టోబరులో వెలువడిన ‘హైబ్రిడ్ థియరీ’ ఆ తరపు సంగీతమున అత్యధికముగా అమ్ముడుపోయిన ఆల్బములలో ఒకటి. అందలి ‘క్రాలింగ్’ అను పాటకు 2002లో గ్రామీ బహుమానము దక్కినది. ఆ సంగీతపు కట్టడి ఇట్టిది: మైక్ షినోడా లెక్క తప్పని తాళముతో ర్యాప్ పలుకులను ఇటుకపై ఇటుక పెట్టినట్లు పేర్చుకొని వచ్చును, జో హాన్ రికార్డు పళ్లెమును చేతితో ముందువెనుకలకు గీకుచు చిత్రవిచిత్రధ్వనులను పుట్టించును, బ్రాడ్ డెల్సన్ గిటారు గోడవలె వెనుక నిలుచును, అప్పుడు బెన్నింగ్టన్ గళము ఆ కట్టడమునంతను చీల్చుకొని పైకి లేచును. మొదటి చరణమున చెవిలో రహస్యము చెప్పుచున్నంత మెత్తగా నున్న ఆ గొంతు, పల్లవికి వచ్చునప్పటికి కేకయై, కేకయైనను శ్రుతి వీడక నిలుచుట ఆ గాయకుని అద్వితీయవిద్య. ఒకరు తమ బాధను నిదానముగా చెప్పుచుండగా, ఆ బాధయే వేరొకరి నోట భరింపరానిదై బయటపడుచున్నట్లు తోచెడిది.

2003లో హైదరాబాదున ఇంజనీరింగు చదువుచుండిన మా హాస్టలు గదిలో ఒక కంప్యూటరును, ఒకటి పనిచేసి ఒకటి గరగరలాడు రెండు స్పీకర్లును, ఎవరో కాపీచేసి తెచ్చిన సీడీయు ఉండెడివి. ఆ సీడీపై నల్లని మార్కరుతో రెండు పొడియక్షరములు మాత్రమే వ్రాసియుండెను. వాని అర్థము హాస్టలులో అందరెరుగుదురు. భీమవరమునుండి వచ్చినవాడు, ఖమ్మమునుండి వచ్చినవాడు, ఇంగ్లీషు పాఠమనిన నిలువునా వణకువాడు, పరీక్షలు తప్పి సప్లిమెంటరీకి ఫీజు కట్టి ఆ సంగతి ఇంట చెప్పలేక కుమిలిపోవువాడు, అందరమును ఆ గదిలో చేరి ‘నమ్’ అను పాటను ఎన్నిమార్లు పెట్టుకొని వింటిమో లెక్కలేదు. ఆ మాటలలో సగము మాకు సరిగా తెలియవు. అయినను, ఇతరులు తన్ను ఎట్లు ఉండుమనిరో అట్లు ఉండలేక అలసిన మనుష్యుడు ఏ స్వరమున అరచునో ఆ స్వరము మాకు తెలియును. ర్యాంకుల లెక్కలలో పెరిగినవారికి దానిని ఎవరును అనువదించి చెప్పనక్కరలేదు. ఇంత చెప్పుటకు కారణ మేమన, ఈ బృందమును గూర్చి మావంటివారు చెప్పు తీర్పులలో సంగీతవిమర్శ ఎంతయో, ఆ గదిని గూర్చిన బెంగ ఎంతయో వేరుచేయుట దుష్కరము.

క్రొత్త ధ్వని వినబడినప్పుడెల్ల పాత శ్రోత అలుగుట ఈ బృందచరిత్రలో నేటి మాట కాదు. 2007లో రిక్ రూబిన్ సహాయముతో చేసిన ‘మినిట్స్ టు మిడ్‌నైట్’ నందు ర్యాప్ పలుకులు బహుళముగా తగ్గిపోగా, ఇదేమి దారి యని అడిగినవారు కలరు. 2010 సెప్టెంబరులో వచ్చిన ‘ఎ థౌజండ్ సన్స్’ ఇంకను దూరము పోయినది. దాని పేరే భారతీయ పాఠకుని నిలువరింపగలది: భగవద్గీత విశ్వరూపసందర్శనయోగమున వేయి సూర్యుల తేజస్సును గూర్చిన ఉపమానమును అణుబాంబు నిర్మాత ఓపెన్‌హైమర్ ప్రథమవిస్ఫోటనమును గూర్చి చెప్పుచు స్మరించినందువలన ఆ మాట పాశ్చాత్యలోకమున ప్రసిద్ధమైనది, ఆ ఓపెన్‌హైమర్ కంఠస్వరమునే తెచ్చి ఈ ఆల్బమున ఒక ఖండికగా పొదిగినారు. గిటారుగోడ కూలిపోయి, యంత్రధ్వనులును, మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగశకలములును, యుద్ధభయమును నిండిన ఆ కృతిని విని, ‘మా పాటలు మాకిండు’ అని మొరపెట్టిన అభిమానులలో మా హాస్టలువారు కొందరు. నేను ఒక పర్యాయము విని మూలకు పెట్టితిని. నాలుగేండ్ల తరువాత ఒక రాత్రి రైలు ప్రయాణమున నిద్రపట్టక మరల మొదటినుండి తుదివరకు వింటిని. అప్పుడు అది విడివిడి పాటల మూట కాదనియు, ఒక్కటే దీర్ఘమైన ఊపిరియనియు తెలిసినది. ఆల్బము ఆ నాలుగేండ్లలో ఒక అక్షరమైనను మారలేదు. దానియందు నేను వెదకుట మానినది పాతదానిని.

ఇక 2017 మే 19వ తేదీన వచ్చిన ‘వన్ మోర్ లైట్’ కథ స్మరించినప్పుడెల్ల మనస్సు కలుక్కుమనును. ఆ ఆల్బమున కేకలు లేవు. మెత్తని పాప్ బాణీలు, పల్చని యంత్రవాద్యములు, తల్లిదండ్రులైన నడివయస్సు మనుష్యుల చింతలు కలవు. గళము బెన్నింగ్టన్‌దే, కాని ధ్వని మారినది. అప్పుడు లేచిన ఆక్షేపణ సామాన్యమైనది కాదు: అమ్ముడుపోయినారనిరి, మా బృందము చచ్చినదనిరి. ‘హైబ్రిడ్ థియరీ’ మంచిదే కాని, ఇకనైన దానిని దాటి రండని ఆ గాయకుడు ఒక పత్రికాసంభాషణమున విసుగుతో వేడుకొనెను. ఆల్బము విడుదలకు ముందునాడు ఆయన ప్రియమిత్రుడైన గాయకుడు క్రిస్ కార్నెల్ ఆత్మహత్య చేసికొనెను. ఆనాటి దూరదర్శన కార్యక్రమమున బెన్నింగ్టన్ ఆ ఆల్బముయొక్క పేరింటి పాటను మిత్రునికి అంకితము చేసి పాడెను. రెండు మాసములు గడచిన పిమ్మట, జూలై 20వ తేదీన, కార్నెల్ జన్మదినమునాడు, నలువది యొకటవ యేట బెన్నింగ్టన్ సైతము ఆత్మహత్య చేసికొని మరణించెను.

ఇచ్చట ఒక మాట జాగ్రత్తగా చెప్పవలసియున్నది. శ్రోతల నిష్ఠురములే ఆయన మరణమునకు హేతువని చెప్పుటకు ఎవరికిని అధికారము లేదు; బాల్యమున తాను పడిన హింసను, వ్యసనములతోడను విషాదముతోడను తాను చేసిన సుదీర్ఘసమరమును ఆయన స్వయముగా అనేకమార్లు వెల్లడించియుండెను. నేను చెప్పదలచినది వేరు. మే మాసమున ‘పలచన’ యని, ‘బాజారు సరకు’ అని తృణీకరింపబడిన ఆ పేరింటి పాటయే జూలై మాసాంతమునకు లోకమందలి అసంఖ్యాక శ్రోతలకు శోకగీతమైనది. పాటలో ఒక స్వరము మారలేదు. లక్షల నక్షత్రములలో ఒకటి ఆరిపోయినచో ఎవరికి లెక్క అను ఆ పాటలోని ప్రశ్న, అది పాడినవానినే గూర్చిన ప్రశ్నగా వినవచ్చినది. మృత్యువు వచ్చి మన చెవిని విప్పువరకు ఆ పాటలోని ఆర్ద్రత మనకేల వినబడలేదు? వినబడకపోవుటకు హేతువు పాటయందు లేదు, మన అపేక్షయందున్నది. కేకను కోరి కూర్చున్నవానికి నిట్టూర్పు వినబడదు.

ఆ సంవత్సరము అక్టోబరు 27వ తేదీన లాస్ ఏంజెలిస్‌లోని హాలీవుడ్ బౌల్ అను బహిరంగరంగస్థలమున ఆయన స్మారకసభ జరిగినది. ‘నమ్’ పాటకు వంతు వచ్చినప్పుడు వాద్యములు మాత్రము మ్రోగినవి. నడుమ ఒంటరి మైకు స్తంభము, దానిమీద ఒక వెలుగు, గాయకుడు లేడు. పాటనంతయు జనసమూహమే పాడినది. దానిని చూచిన మావంటివారు ఇక ఆ చోట ఎవరును నిలువరాదని ఆనాడే మనస్సులో తీర్మానించుకొంటిమి. ఆ తీర్మానము ప్రేమనుండి పుట్టినదే. అయితే ఆ వేదికపై మిగిలిన ఐదుగురు బ్రతికియున్న మనుష్యులనియు, వారికి ఇంకను చేతులును, చెవులును, చెప్పవలసిన మాటలును ఉన్నవనియు మేము తలపోయలేదు. షినోడా మరుసటి యేట ‘పోస్ట్ ట్రామాటిక్’ అను ఆల్బమున ఒంటరిగా తన దుఃఖమును పాడుకొనెను. దుఃఖము తీరుటకు ఎన్ని యేండ్లు పట్టవలెనో దుఃఖించువాడే నిర్ణయించుకొనవలెను గాని, చూచువారు కాదు.

ఈ పూర్వకథ నెరిగినవారికి 2024లో జరిగినదానియందలి కళాసూక్ష్మము బోధపడును. క్రొత్తగాయనితో మొట్టమొదట వినిపించిన ‘ది ఎంప్టినెస్ మెషీన్’ అను పాటను ఎట్లు కూర్చినారో గమనింపుడు. మొదటి చరణమును షినోడా పాడును. మొదటి పల్లవిని కూడ ఆయనయే పాడును. అంతవరకు శ్రోత తనకు చిరపరిచితమైన ఇంటనే యున్నాడు. రెండవ చరణము మొదలగునప్పుడు ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ గళము ప్రవేశించును. ఆమె బెన్నింగ్టన్‌ను అనుకరింపదు. ఆమె గొంతులో వేరొక గరుకుదనము, కంచుపాత్ర అంచును గోటితో మీటినట్టి కారము కలదు. పల్లవి మరల వచ్చునప్పటికి, ఇదివరకు షినోడా నోట విన్న బాణీయే ఆమె నోట రెట్టింపు ఎత్తున నిలుచును. పెండ్లివారింట క్రొత్తకోడలిని పెద్దముత్తైదువ చేయిపట్టి లోనికి తెచ్చినట్లు, పాత గళము క్రొత్త గళమును చేయిపట్టి శ్రోతల నడుమకు తెచ్చినది. ఇంత మర్యాదతో చేసిన పరిచయమును ద్రోహమనుట నాకు న్యాయముగా తోచదు.

ఆక్షేపించినవారి మాటలను మూడు తెరగులుగా విభజింపవచ్చును. మొదటిది శోకము: ఆయన లేని బృందమునకు ఆ పేరు తగదనుట. ఇది వాదము కాదు, గాయము. దీనికి ప్రత్యుత్తరము చెప్పరాదు, గౌరవింపవలెను. రెండవది నైతికము: ఆర్మ్‌స్ట్రాంగ్ పూర్వమొకప్పుడు, తరువాత నేరము రుజువై శిక్షపడిన ఒక పరిచితుని న్యాయస్థాన విచారణకు వెళ్లినదని పలువురు నిలదీసిరి. తాను ఒక తొలి విచారణకు మాత్రమే వెళ్లితిననియు, వెళ్లకుండవలసినదని పిదప గ్రహించితిననియు ఆమె బహిరంగముగా ప్రకటించెను. ఆ సమాధానముతో తృప్తిపడుటయు, పడకుండుటయు ఎవరి అంతరాత్మకు వారు విడువవలసిన విషయము. అది సంగీతపు తీర్పుతో కలిపి కొలువదగినది కాదు. మూడవది సంగీతమునకు సంబంధించినది: ఇది మా బృందపు ధ్వని కాదనుట. మన విచారణకు వచ్చునది ఈ మూడవది మాత్రమే.

ఇచ్చటనే నాకొక వైచిత్ర్యము కనబడుచున్నది. 2017లో గళము అదే, ధ్వని మారినది; ‘ఇది మా బృందము కాదు’ అంటిమి. 2024లో ధ్వని చాలవరకు పాతదే తిరిగివచ్చినది. గిటారుగోడ నిలిచినది, ర్యాప్ పలుకులు వచ్చినవి, కేకలు వచ్చినవి, ‘టూ ఫేస్డ్’ వంటి పాట వినినచో 2003వ సంవత్సరమే తలుపు తట్టినట్లుండును. కాని గళము మారినది. మరల ‘ఇది మా బృందము కాదు’ అంటిమి. గళమిచ్చినను చాలదు, ధ్వని యిచ్చినను చాలదు. అయినచో మనము కోరుచున్నదేమి? నా మనస్సు నేను శోధించుకొని చెప్పుచున్నాను: మనము కోరునది ఆ హాస్టలు గదిని, గరగరలాడు ఆ స్పీకరును, ఆనాటి మిత్రులను, పందొమ్మిదేండ్ల వయస్సున భరింపరాని దనిపించినను నేడు తీపియై తోచుచున్న ఆ బాధను. వానిని ఏ బృందమును, ఎన్ని ఆల్బములు చేసినను, తిరిగి ఇయ్యజాలదు. ఇయ్యజాలనిదానిని అడిగి, ఇయ్యలేదని నిందించుట కళాకారునికి చేయు అన్యాయము.

ఈ సంగతి నాకు తెలియజెప్పినవాడు మా మేనల్లుడు. డిసెంబరు సెలవులకు వచ్చినవాడు వరండాలో కూర్చుండి ఆ ఆల్బమునే వినుచుండగా, నేను పెద్దరికముతో, “అది అసలు లింకిన్ పార్క్ కాదురా” అంటిని. వాడు చెవిలోని ఇయర్‌ఫోను ఒకటి తీసి, ఏ మాత్రము పొగరు లేక, “ఆయన పోయినప్పుడు నేను ఆరో తరగతి మామయ్యా. నాకైతే ఈవిడ పాడిందే లింకిన్ పార్క్. ఈవిడ పాట విన్నాకే ఆయన పాటలన్నీ వెతుక్కుని విన్నాను,” అనెను. ఆ రాత్రి వాడు నాకు ‘గుడ్ థింగ్స్ గో’ అను చివరిపాటను వినిపించెను. నేను వానికి ‘ఎ థౌజండ్ సన్స్’ ను వినిపించితిని. నేను మూసిన తలుపనుకొన్నది ఒక పిల్లవానికి ద్వారమైనది. ఆ ద్వారముననే వాడు మా చెస్టర్ వద్దకు నడచి వెళ్లినాడు. చనిపోయిన గాయకునికి ఇంతకంటె మించిన సేవ యేమి కలదు?

మన తెలుగువారికి ఇట్టి యనుభవము క్రొత్త కాదు. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల అస్తమించినప్పుడు తెరమీది నాయకుల గొంతులే మూగవోయినట్లు మా నాయనగారి తరమువారు తలచిరి. 1966 నుండియే పాడుచుండిన బాలసుబ్రహ్మణ్యము ఆ నాయకులకే పాడగా, ‘బాగున్నది గాని, అది ఘంటసాల కాదు’ అని మా నాయనగారు రేడియో ప్రక్కన కూర్చుండి అనెడివారట. 1980లో ‘శంకరాభరణము’ వచ్చిన పిమ్మట ఆ మాట అనుట మానిరట. ఘంటసాల స్థానము ఈనాటికిని ఘంటసాలదే. బాలసుబ్రహ్మణ్యము దానిని ఆక్రమింపలేదు, ప్రక్కన వేరొక పీఠము వేసికొనెను. మా నాయనగారికి అది గ్రహించుటకు ఆరేండ్లు పట్టినది. కొందరికి ఇంకను ఎక్కువ పట్టియుండును. ఇందులో సిగ్గుపడవలసిన దేమియు లేదు. చెవికి కూడ కాలము కావలెను.

ఇంతకును ‘ఫ్రమ్ జీరో’ ఎట్లున్నదని అడుగువారికి నా తీర్పు చెప్పవలెను. చెప్పకుండుట తప్పించుకొనుటయే యగును. అది మంచి ఆల్బము, మహాకృతి కాదు. పదునొకండు ఖండికలు, సుమారు ముప్పదిరెండు నిమిషములు. ‘ది ఎంప్టినెస్ మెషీన్’ యు, ‘గుడ్ థింగ్స్ గో’ యు చిరకాలము నిలుచునని నా విశ్వాసము. దాని లోపము పలువురు చెప్పునది కాదు. మారినందువలన అది చెడలేదు. చాలినంత మారనందువలన కొన్నిచోట్ల పలుచబడినది. పాత అభిమానుల మనస్సు నొచ్చునేమో అను జంకు వలన కొన్ని పాటలు పాత అచ్చులో పోసినట్లు వచ్చినవి. అట్టిచోట్ల ఆర్మ్‌స్ట్రాంగ్ గళము తనదికాని చొక్కా తొడిగికొన్నట్లు ఇబ్బందిపడినది. ఆమె తన సహజమైన కారమును స్వేచ్ఛగా వెలిబుచ్చిన తావులలోనే ఆల్బము ప్రాణము పోసికొన్నది. తరువాతి ఆల్బమున ఈ బృందము మనలను ఇంకను ధైర్యముగా నొప్పింపవలెనని నా కోరిక. మన నిష్ఠురమునకు వెరచి కళాకారుడు తన్ను తాను అనుకరించుకొనసాగినచో, ఆ నష్టము మనది.

ఇట్లనుటవలన శ్రోత నోరు మూసికొని యుండవలెనని నా భావము కాదు. నచ్చలేదని చెప్పుట శ్రోతయొక్క జన్మహక్కు. పొగడ్తలు మాత్రమే విన్న కళాకారుడు వృద్ధిచెందడు. కాని ఆ హక్కుతో రెండు బాధ్యతలు ముడిపడియున్నవి. కృతి తాను చేయదలచిన పనిని చేసినదా లేదా అని మొదట చూడవలెను. మనము కోరిన పనిని చేసినదా యనునది తరువాతి మాట. రెండవది, ఒక వినికిడితో తీర్పు చెప్పరాదు. మన పెద్దలు త్యాగరాజకృతిని వందమార్లు విని, నూటయొకటవ మారు ఒక సంగతి క్రొత్తగా తోచినదని మురిసెడివారు. మనము క్రొత్తపాటను పది సెకనులు విని వ్రేలితో త్రోసివేయుచున్నాము. పాటకు అంత అలక్ష్యము చూపి, పాట మనకు ఆత్మబంధువు కాలేదని వగచుట తగునా?

పాఠకమిత్రులకు, అందును నావలె నలువది దాటి పాత సీడీలను అటకమీద భద్రపరచుకొన్నవారికి, నా విన్నపమొక్కటి. మీకు ప్రియమైన బృందమేదియైనను సరే, అది మారిన గొంతుతో మరల వచ్చినప్పుడు, ఆ ఆల్బమును మొదటినుండి తుదివరకు వరుసగా మూడు దినములు వినుడు. వినునప్పుడు పాతదానితో పోల్చకుడు. ప్రక్కన మీ పిల్లలను కూర్చుండబెట్టుకొనుడు. నాలుగవ దినమున నచ్చలేదని తోచినచో, నచ్చలేదని నిస్సంకోచముగా చెప్పుడు. అప్పుడు మీ మాటకు విలువ యుండును.